బావ చేతి పట్టీ

ఆసుపత్రి రెండో అంతస్తు. మూసి ఉన్న తలుపు ఎదురుగా బల్ల. బల్ల మీద అక్క, తమ్ముడు.

"ఇంతేనా? ఇంకేం ఇవ్వలేదా?"

"ఇంకేమిస్తారు? చొక్కా, బెల్టు, తాళాలగుత్తి, దువ్వెన. చెప్పు ఒకటే ఉంది. రెండోది ఆ దుప్పట్లుతికే కార్ఖానాలోనే ఎక్కడో పడిపోయి ఉంటుంది."

"సంచి అడుగున చూశావా?"

"అడుగున ఏముంటుందిరా, నిధా? నువ్వే చూసుకో, ఇదిగో."

"అదికాదు, చేతికున్నది ఇవ్వలేదా అని."

"చేతికేముంది?"

"ఏమో. వాచీ గీచీ."

"మీ బావకి వాచీ ఎప్పుడుందిరా? టైమెంతయిందే అని నిద్రపోతున్నదాన్ని లేపి అడిగే మనిషి. ఉంగరం ఒకటుంది. వేలు ఉబ్బి రావడం లేదట, ఉంచేశారు."

"సరేలే. ఊరికే అడిగా."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు. చిన్నప్పుడు నాన్న కళ్ళజోడు పగలగొట్టి, అక్కా, మనింట్లో చీపురుందా అని ఊరికే అడిగావు."

"అబ్బా, ఇప్పుడు అవన్నీ ఎందుకు?"

"ఎందుకంటే, మాట్లాడకపోతే నాకు ఆ తలుపే కనిపిస్తోంది. ఏదో ఒకటి వాగు."

"అసలేం జరిగిందో సరిగ్గా చెప్పు. ఫోన్లో నీ ఏడుపు వినిపించింది గానీ మాట వినిపించలేదు."

"నాకు తెలిసింది కూడా వాళ్ళ మేస్త్రీ చెప్పిందే. మధ్యాహ్నం రెండింటికి పనిలోకి దిగాడా, దుప్పట్ల డ్రమ్ములో సోడా పోస్తున్నాడట. ఉన్నట్టుండి పక్కవాడితో, గుండెలో ఎవడో సైకిలు తొక్కుతున్నాడ్రా అన్నాడట. వాడు నవ్వాడట. మీ బావ మాటలు అలాగే ఉంటాయి కదా, ఎవరికి అనుమానం వస్తుంది? మళ్ళీ తిరిగి చూసేసరికి తడి నేల మీద కూర్చుని ఉన్నాడట. లేవరా అంటే లేవలేదు."

"ఎన్నింటికి?"

"మూడు కూడా కాలేదు. పొద్దున ఎంత బాగున్నాడో! కుళాయి వాషరు మార్చాడు. పాట పాడాడు. వద్దంటే కూడా పాడాడు."

"అంతకు ముందు? నిన్నా, మొన్నా? ఆయాసం, నీరసం, అలాంటిదేమైనా?"

"ఏమీ లేదురా. దున్నపోతులా ఉన్నాడు. తడి దుప్పట్ల మూట ఒంటిచేత్తో ఎత్తే మనిషి. అలా చూస్తావేం?"

"ఏం లేదు. స్వెటరు తీసెయ్. చెమటలు కారుతున్నాయి నీకు."

"ఇక్కడ చలిగా ఉంది."

"చలేస్తే చెమటెలా పడుతుంది?"

"భయానికి పడుతుంది. నీకేం తెలుసు, నువ్వెప్పుడైనా భయపడ్డావా? ఆకాశంలో కూర్చుని అందరి నెత్తిమీదా ఇనుము ఊపేవాడివి."

"పేషెంటు తాలూకు మీరేనా?"

"మేమే డాక్టరు గారూ! నేను భార్యని. వీడు నా తమ్ముడు. ఎలా ఉన్నాడండీ? కళ్ళు తెరిచాడా?"

"తెరిచాడు. మాట్లాడుతున్నాడు కూడా. కూర్చోండమ్మా, నిలబడక్కర్లేదు. చూడండి, ఆయన గుండె లయ తప్పింది. టకటకా ఒక వరసలో కొట్టుకోవాల్సింది, అడ్డదిడ్డంగా నూట డెబ్బై సార్లు కొట్టుకుంటోంది. అలా ఎక్కువసేపు కొట్టుకుంటే అలసిపోతుంది."

"దానికి మందుంది కదండీ?"

"మందుకన్నా మంచిది కరెంటు. మత్తిచ్చి ఛాతీ మీద ఒక్క షాకిస్తే నిమిషంలో దారిలోకి వస్తుంది. కానీ ఒక్క విషయం నాకు కచ్చితంగా తెలియాలి. ఈ దడ ఎప్పుడు మొదలైంది?"

"ఇవాళే అండి. మధ్యాహ్నం."

"ఆలోచించి చెప్పండి. రెండు రోజుల లోపైతే ఏ భయమూ లేదు, షాకిచ్చేయొచ్చు. అంతకన్నా ముందునుంచీ ఉంటే మాత్రం గుండెలో నెత్తురు నిలిచి గడ్డ కట్టి ఉంటుంది. అప్పుడు షాకిస్తే ఆ గడ్డ లేచి మెదడుకు పోతుంది. మనిషి మంచానికే."

"అమ్మో! ఇవాళే బాబూ. ఒట్టు."

"గొట్టం వేసి గడ్డ ఉందో లేదో చూసే యంత్రం మా దగ్గర లేదు. ఉన్న ఆసుపత్రికి పంపిద్దామంటే ఈ స్థితిలో దారిలో ఏమవుతుందో! అందుకే మీ మాట మీద ఆధారపడుతున్నాను. ఏమండీ, మీరేమైనా గమనించారా?"

"నేనా? నేను... క్రేన్ మీద ఉంటాను సార్. నాకేం కనిపిస్తుంది?"

"ఇంట్లోవాళ్ళు కదా అని అడిగాను. మత్తు డాక్టరుగారు ఇరవై నిమిషాల్లో వస్తారు. ఆవిడ రాగానే మొదలుపెడతాం. ఈలోగా ఏ చిన్న సంగతి గుర్తొచ్చినా తలుపు కొట్టండి. ఈ చీటీలో మందులు కింద కౌంటర్లో తెచ్చి ఉంచండి."

"విన్నావురా? నిమిషంలో దారిలోకి వస్తుందట. ఒక్క నిమిషం. నేను ఊరికే గుండె పగిలి చచ్చాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నీకు సంతోషంగా లేదా?"

"ఉంది."

"ఆ మొహం చూస్తే లేనట్టే ఉంది. పుట్టినప్పటినుంచీ అదే మొహం. ఏంట్రా, నీ జేబులో ఏదో గుర్రుగుర్రుమంటోంది?"

"ఫోను."

"ఎత్తు మరి."

"ఎత్తేది కాదు. మెసేజి."

"చూడు మరి. ఆఫీసేమో?"

"చూశాలే."

"జేబులోంచి తీయకుండానే చూశావా? తియ్. ఏం నొక్కుతున్నావ్?"

"బాగున్నానని నొక్కా."

"ఎవరు బాగున్నారు?"

"నేను."

"నువ్వు బాగున్నావని ఎవరడిగార్రా, ఈ టైములో?"

"కంపెనీ. క్రేన్ ఎక్కేవాళ్ళని రోజూ అడుగుతుంది. వదిలెయ్ అక్కా. చీటీ సంగతి చూద్దాం. నువ్వు కిందికెళ్ళి మందులు తీసుకురా."

"నేనా? నా కాళ్ళు వణుకుతున్నాయిరా. నువ్వెళ్ళు."

"భార్య సంతకం కావాలంటారు."

"మందులకి సంతకం ఏంటి?"

"కొన్ని మందులకి కావాలి. అడిగి, లేదంటే మళ్ళీ పైకి పంపిస్తారు. అప్పుడు రెండుసార్లు దిగాలి."

"లిఫ్టు దగ్గర స్ట్రెచర్లకి మాత్రమే అని రాసుంది. రెండంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కాలా? దిగడం సరే, ఎక్కడమే ఈ మధ్య..."

"ఈ మధ్య ఏంటి?"

"ఏం లేదు. వయసు. వెళ్తున్నా. నువ్వు మాత్రం ఈ బల్ల మీంచి కదలకు. ఆయన పిలిస్తే పలకడానికి ఒక మనిషుండాలి."

"కదలను. వెళ్ళు."

"కదిలావో!"

"వెళ్ళక్కా."

"సార్! సార్! డాక్టరు గారూ! తలుపు తీయండి సార్."

"ఏమైంది?"

"ఒక మాట. మా అక్క లేదు, అందుకని... ఇవాళ కాదు సార్."

"ఏది ఇవాళ కాదు?"

"ఆ దడ. ఇవాళ మొదలైంది కాదు. పద్దెనిమిది రోజులైంది."

"ఇందాక అడిగితే తెలీదన్నారు!"

"అన్నాను. అక్క పక్కనుంది సార్. మా కంపెనీలో క్రేన్ నడిపేవాళ్ళకి ఒక పట్టీ ఇచ్చారు. చేతికి కట్టుకునేది. నల్ల రబ్బరు, అద్దం గిద్దం ఏమీ ఉండదు, కింద చర్మానికి ఆనుకుని చిన్న పచ్చ లైటు. నాడి చూస్తుంది. రాత్రీ పగలూ తీయకూడదు. గంటసేపు తీస్తే ఎందుకు తీశావని ఫోను."

"తెలుసు. ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నారు. అయితే?"

"అది నాది. కానీ బావ కట్టుకుంటాడు."

"మీది ఆయనెందుకు కట్టుకుంటాడు?"

"నా గుండె మంచిది కాదు కాబట్టి సార్. కేబిన్లో రెండుసార్లు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే క్రేన్ మీంచి దించేస్తారు. దించి చేతికి చీపురిస్తారు. ఇరవై రెండేళ్ళు పైన కూర్చున్నవాణ్ణి, కింద నిలబడి ఇంకొకడు ఎక్కుతుంటే చూడమంటారు. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి సార్, నాకు వచ్చిన విద్య అదొక్కటే. బావని అడిగాను. దానిదేముందిరా, నా గుండె అరువిస్తా తీసుకో అన్నాడు. నవ్వుతూ. నాలుగు నెలలైంది."

"తరువాత?"

"మూడు నెలల పైన అన్నీ పచ్చే. పద్దెనిమిది రోజుల కిందట మొదలైంది. నాడి లయ తప్పుతోంది, వైద్యుణ్ణి కలవండి అని. పట్టీలోనే సిమ్ముందట, అది ఎక్కడున్నా కబురు మాత్రం నా ఫోనుకే వస్తుంది. ఆ కబురు కింద రెండు బటన్లుంటాయి. ఎర్ర బటను నొక్కితే అప్పటికప్పుడు ఆఫీసుకి తెలిసిపోతుంది. పచ్చ బటను బాగున్నాననేది. నొక్కితే పని ఆయాసమని రాసుకుని ఊరుకుంటుంది."

"మీరు?"

"పచ్చది నొక్కాను."

"పద్దెనిమిది రోజులూ?"

"నలభై మూడు సార్లు సార్. ఇదిగో, అన్నీ ఉన్నాయి. చూడండి."

"ఆయనకి చెప్పలేదా?"

"మొదట యంత్రం పాడైందనుకున్నా. చెడ్డ గుండె నాదీ, మంచి గుండె ఆయనదీ, మరి ఇదేమిటి అనుకున్నా. తరువాత... చెబితే పట్టీ విప్పేస్తాడు కదా. ఆదివారం చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకున్నా. రెండు ఆదివారాలు పోయాయి."

"పట్టీ ఏది? ఆయన చేతికి నేను చూసినట్టు గుర్తులేదు."

"ఇందాకే కబురొచ్చింది, ఆ తరువాత మీవాళ్ళు తీసేసి ఉంటారు. లేకపోతే ఆ గొట్టాలకింద ఉందేమో."

"ఉండొచ్చు. తెచ్చేటప్పటికి నలుగురం మీదపడి పనిచేశాం. ఏదీ, ఫోను ఇలా ఇవ్వండి. నూట నలభై, నూట యాభై ఒకటి, లయ లేదు, లయ లేదు... రోజూ ఉంది. పద్దెనిమిది రోజులంటే గడ్డ కట్టే ఉంటుంది."

"అంటే?"

"అంటే షాకివ్వకూడదు. మత్తు డాక్టరుగారు వచ్చి బట్టలు మార్చుకుంటున్నారు, వద్దని చెబుతాను. ఆవిడకి ఇంకోచోట ఆపరేషనుంది, వెళ్ళిపోతారు. నెత్తురు పలచబడే సూది ఇచ్చి, మందుతోనే వేగం తగ్గించి లాక్కురావాలి. అంతసేపు ఆ గుండె ఓర్చుకుంటుందా అంటే నేను చెప్పలేను."

"షాకిస్తే నిమిషంలో దారిలోకి వస్తుందన్నారు కదా సార్."

"ఇవాళే మొదలై ఉంటే. ఇప్పుడిస్తే మన చేతులతో మనం పక్షవాతం తెచ్చినట్టే. ఆలస్యంగానైనా చెప్పారు. మీరు నోరు విప్పకపోతే ఇంకో పది నిమిషాల్లో ఘోరం జరిగేది."

"మా అక్కకి ఏమని చెప్పను?"

"అది మీరూ మీరూ చూసుకోండి. నేను లోపలికి వెళ్ళాలి."

"ఒరే... ఇదిగోరా... మందులు."

"కూర్చో, కూర్చో. అంత రొప్పుతున్నావేం?"

"సంతకం లేదు, గింతకం లేదు. అడిగితే ఆ పిల్లవాడు నన్ను ఎగాదిగా చూశాడు. నువ్వు నన్ను... కావాలనే పంపావు."

"మంచినీళ్ళు తాగు."

"తాగుతాలే. మెట్ల దగ్గర ఒకావిడ ఎదురైంది. భుజాన సంచి, చేతిమీద తెల్లకోటు, చకచకా దిగిపోతోంది. మత్తు డాక్టరేమో అనుకుని పక్కకి తప్పుకున్నా. ఆవిడైతే పైకి కదా వస్తుంది."

"ఆవిడే."

"ఆవిడే అంటే? అప్పుడే అయిపోయిందా? షాకిచ్చేశారా?"

"ఇవ్వలేదు. ఇవ్వరు."

"ఎందుకివ్వరు?"

"నేను వద్దన్నాను."

"నువ్వెవడివిరా వద్దనడానికి?"

"అక్కా, మెల్లగా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నా మొగుడికి వైద్యం వద్దనడానికి నువ్వెవడివి? పదోతరగతి గడప తొక్కావా? క్రేన్ ఎక్కితే డాక్టరైపోయావా?"

"వద్దనలేదు. నిజం చెప్పాను. ఆ దడ ఇవాళ మొదలైంది కాదని చెప్పాను."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"పక్కన పడుకునే దానికి తెలీదు గానీ, పక్కవీధిలో ఉండే నీకు తెలుసా?"

"నువ్వు కొట్టనంటే చెబుతా."

"కొడతాను. చెప్పు."

"మా సైటులో పాత ఆపరేటరు, గుర్తున్నాడా? పొడుగాయన. పోయిన ఏడాది కేబిన్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కొక్కేనికి ఇనుప చువ్వల కట్ట మూడు గంటలు గాల్లో ఊగింది. కింద జనం ఊపిరి బిగబట్టి గోడలకి అతుక్కుపోయారు. అప్పట్నుంచి మాకందరికీ చేతికి పట్టీలు కట్టారు. చేతులకీ కాళ్ళకీ హాజరు వేసుకున్నది చాలక గుండెకి కూడా హాజరు పెట్టారు. మన ఒంట్లో మన సొంతమనుకున్నది అదొక్కటే మిగిలుండేది."

"నీ ఏడుపు తరువాత ఏడుద్దువుగానీ, మీ బావ సంగతి చెప్పు."

"అదే చెబుతున్నా. ఆ పట్టీ... నేను కట్టుకోలేదు."

"ఊఁ. తరువాత?"

"బావకి ఇచ్చాను. నీకు చెప్పొద్దన్నాను. నా గుండె సంగతి తెలిస్తే నువ్వు క్రేన్ ఎక్కనివ్వవని. ఏంటి, తిట్టవేం?"

"చెప్పు. వింటున్నా."

"నీకు ఆశ్చర్యంగా లేదా?"

"నువ్వు చెప్పు ముందు."

"పద్దెనిమిది రోజుల నుంచి ఆ పట్టీ మొత్తుకుంటోంది అక్కా. లయ తప్పుతోంది, లయ తప్పుతోంది అని. నా ఫోనుకే వస్తుంది. నేను బాగున్నానని నొక్కి నోరు మూశాను. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. మింగలేక కక్కలేక నేనే చచ్చాను గానీ బావకి చెప్పలేదు. కొట్టు. కొడతానన్నావుగా."

"పద్దెనిమిది రోజులా?"

"అవును."

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"లెక్క ఫోనులోనే ఉంది."

"అంతకు ముందు రాలేదా? ఒక్కటి కూడా?"

"ఒక్కటీ లేదు. మూడు నెలల పైన బంగారంలా ఉంది. డాక్టరుకి అదే చూపించాను. ఆయన చూసి, గడ్డ కట్టి ఉంటుంది, షాకిస్తే మెదడుకు పోతుంది అన్నాడు. నోరు విప్పి మంచిపని చేశావన్నాడు. అంటే అలా అనలేదు, ఘోరం తప్పిందన్నాడు. నా బతుకులో చేసిన ఒక్క మంచిపని అక్కా ఇది. క్రేన్ పోతే పోయింది. రేపు నేనే ఆఫీసుకెళ్ళి చెప్పేస్తా. చీపురివ్వనీ."

"ఏ టైముకి వచ్చేవిరా అవి?"

"టైములెందుకు ఇప్పుడు?"

"చదువు."

"అసలెందుకని..."

"చదవరా!"

"నిన్న పొద్దున ఏడూ పదికి. ఏడూ ఇరవై అయిదుకి. మొన్న ఏడూ అయిదుకి. అటుమొన్న ఏడుంపావుకి, సాయంత్రం ఆరున్నరకి. ఎక్కువగా పొద్దున ఏడు, ఏడున్నర మధ్యనే వస్తాయి."

"ఏడింటికా."

"ఊఁ."

"ఏడింటికి మీ బావ ఏం చేస్తుంటాడు?"

"నాకేం తెలుసు?"

"గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు. రెండో షిఫ్టు చేసి పన్నెండింటికి కొంప చేరే మనిషి. తొమ్మిదయ్యేదాకా పక్కమీద కొండచిలువే."

"నిద్రలో కూడా వస్తుందట అక్కా. గుండె నిద్రపోదు కదా."

"ఏడింటికి కింద నీళ్ళొస్తాయి."

"ఏంటి?"

"మా మోటారు కాలిపోయి నెలైంది కదా. నీళ్ళు పైకెక్కవు. ఏడింటికి కింద కుళాయిలో వస్తాయి, ఏడున్నరకి ఆగిపోతాయి. మూడంతస్తులు. ఆరు బకెట్లు."

"అక్కా, బావ లోపల అలా ఉంటే నీళ్ళ గోలేంటి నీకు?"

"నాలుగో బకెట్టుకి మెట్ల మీద కూర్చుంటాను. వయసనుకున్నా."

"ఆగు, మళ్ళీ మోగుతోంది. చూడు, చూడు. నూట యాభై ఎనిమిది. లయ లేదు. నాలుగు నిమిషాల కింద కూడా ఒకటి వచ్చిందే, నువ్వు మెట్లెక్కి వచ్చేటప్పుడు, నేను చూడలేదు. పట్టీ తీసేశారనుకున్నా. తీయలేదన్నమాట. ఇంకా బావ చేతికే ఉంది. లోపల కొట్టుకుంటోంది అక్కా. విను. బావ గుండె ఇదిగో నా చేతిలో కొట్టుకుంటోంది, నేనేం చేయలేకపోతున్నా."

"నీ చెయ్యి ఇలా ఇవ్వు."

"చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయేంటి?"

"ఈ స్వెటరు చెయ్యి పైకి లాగు."

"ఎందుకు? చలన్నావుగా."

"లాగరా."

"సరే, లాగుతున్నా."

"చూశావా?"

"అక్కా... ఇది... ఇది నీ చేతికెలా వచ్చింది?"

"సబ్బునీళ్ళలో నాని నాని ఆయనకి పట్టీ కింద చర్మం ఊడిపోయింది. పుండు. డ్యూటీకి గుడ్డ చుట్టుకుని వెళ్ళేవాడు. నువ్వు కట్టుకోవే, నాడి ఎవరిదైతే దానికేం తెలుస్తుంది అన్నాడు. వాడికి మాత్రం చెప్పకు, పుండు చూస్తే కంగారుపడి విప్పేస్తాడు, క్రేన్ పోతుంది పాపం అన్నాడు. మూడు వారాలు కావస్తోంది. నువ్వు సంచిలో వెతికినప్పుడు దీనికోసమేనని తెలుసు. ఆయనకి మాటిచ్చానని ఊరుకున్నా."

"మరి నేను డాక్టరుకి..."

"కాళ్ళకి బలం లేదురా నాకు, లేస్తే పడతానేమో. నువ్వు పరిగెత్తు. ఎవర్నైనా పంపి గేటు దగ్గర ఆవిడ కారు ఆపమను. తలుపు కొట్టు."

"ఏమని చెప్పనక్కా? ఏమని చెప్పను?"

"మీ బావకి ఇవాళే మొదలైందని చెప్పు. ఆ పద్దెనిమిది రోజులూ నావని చెప్పు."